ఎదురింటి సార్జంటూ, గ్లాసుడు నీళ్ళూ

బయల్దేరేవాణ్ణి ఆపి "ఎక్కడికి? ఎన్నింటికొస్తావ్?" అని అడగనిదే సార్జంట్ హారొల్డ్ బ్రిగ్స్‌కి కాఫీ గొంతు దిగదు. కొరియా యుద్ధం చేసొచ్చిన మనిషి. పాతికేళ్ళయినా డ్యూటీ దిగలేదు. మిషిగన్‌లో నోవై దగ్గర, మా ఎదురింటి వరండాలో కుర్చీ వేసుకుని, ఒళ్ళో నోట్‌బుక్ పెట్టుకుని కూర్చునేవాడు. పోస్ట్‌మన్‌నీ వదలడు, పాస్టర్‌నీ వదలడు.

డెబ్భై ఎనిమిదిలో మేం ఆయన ఎదురింట్లో దిగాం. మా ఆవిడ రాధారాణికేమో, గడప దాటేటప్పుడు ఎవరైనా ఎక్కడికని అడిగితే ఒళ్ళు మంట. వెంటనే వెనక్కొచ్చి, కూర్చుని, గ్లాసుడు నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. తను తాగడమే కాదు, నాచేతా తాగించేది. ఇక చూసుకోండి, రోజూ ఇదే తంతు! ఆఫీస్‌లో బాస్‌కి ఏం చెప్పను, నీళ్ళు తాగడం వల్ల లేటయిందనా?

ఓ రోజు సార్జంట్ నోట్‌బుక్ తెరిచి చూపించాడు.

"ఏడూ నలభైకి బయటికి. ఏడూ నలభై ఒకటికి లోపలికి. ఏడూ నలభై ఆరుకి మళ్ళీ బయటికి. రోజూ ఏం మర్చిపోతావయ్యా దామోదర్?"

సంగతి చెప్పాను. కళ్ళు పెద్దవి చేసుకుని విని, అదీ రాసుకున్నాడు.

"అయితే అడగడం మానేస్తారా?"

"మానను. నీళ్ళు ఒంటికి మంచివేగా."

ఆ వచ్చే జనవరిలో, ఏడాదిగా తిరగ్గా తిరగ్గా రాధారాణికి హాస్పిటల్ ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది. మొదటి రోజు తొమ్మిదింటికల్లా రాకపోతే ఇంకొకరిని తీసుకుంటామన్నారు. చూస్తే బయట మోకాల్లోతు మంచు. నేనప్పటికే ఆఫీస్‌కి వెళ్ళిపోయాను. తనేమో ఇవాళ ఒక్కరోజు ఆ మహానుభావుడి నోట పడకూడదనుకుని, ఆయన పిలుస్తున్నా వినపడనట్టు మా పాత కార్‌ని తుర్రుమని పోనిచ్చింది. రెండు మైళ్ళు వెళ్ళిందో లేదో, కార్ జారి రోడ్డు పక్క గుంటలో దిగబడింది. ఫోన్ లేదు, పిలిస్తే పలికే మనిషి లేడు. ఉద్యోగం పోయినట్టేనని ఏడుపొచ్చేసిందట.

పావుగంటలో సార్జంట్ ట్రక్ వచ్చి ఆగింది.

"మీకెలా తెలిసింది?" అంది రాధారాణి.

"చెప్పకుండా వెళ్ళినవాళ్ళ వెనక నేను వెళ్తాను మేడమ్. మంచులో మీ టైర్ల గుర్తులున్నాయిగా." ట్రక్ ఎక్కించుకుని చెప్పాడు. "కొరియాలో మావాడొకడు ఇలాగే చెప్పకుండా వెళ్ళాడు. ఎటు వెతకాలో తెలీక రెండు రోజులు మంచులో తిరిగాం."

"అయ్యో, దొరికాడా?"

"దొరికాడు. రెండు కాలివేళ్ళు పోయాయంతే. లేటుగా వచ్చామని ఇప్పటికీ ప్రతి క్రిస్మస్‌కీ కార్డు రాసి మరీ తిడతాడు. సరే, ఇప్పుడు చెప్పండి, ఎక్కడికి?"

ఆవిడ నోరు తెరిచేలోపే ఫ్లాస్క్ అందించాడు. "నీళ్ళు. ఎలాగూ కూర్చునే ఉన్నారు."

తొమ్మిదికి ఐదు నిమిషాలుందనగా ల్యాబ్ ముందు దించాడు. మర్నాటి నుంచీ రాధారాణి ఆయన అడక్కముందే కేకేసేది. "సార్జంట్ గారూ, ల్యాబ్‌కి! ఐదింటికొస్తా!"

ఎనభై నాలుగు వేసవిలో సార్జంట్ మోకాలి ఆపరేషన్‌కి బయల్దేరాడు. యుద్ధం చేసిన మనిషికి డాక్టర్ కత్తంటే భయం, మొహంలో తెలుస్తూనే ఉంది. టాక్సీ ఎక్కబోతుంటే మా గుమ్మంలోంచి రాధారాణి అరిచింది.

"ఎక్కడికి సార్జంట్ గారూ? ఎప్పుడొస్తారు?"

పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ అలా అడగని మనిషి! నేను నాలుక కరుచుకున్నాను. "చెప్పి వెళ్ళిన మనిషి తిరిగి రావాలి కదండీ" అంది నాతో మెల్లగా.

సార్జంట్ టాక్సీవాణ్ణి ఆగమన్నాడు. కుంటుకుంటూ వెనక్కెళ్ళి, గ్లాసుతో నీళ్ళు తెచ్చుకుని, వరండా కుర్చీలో కూర్చుని చివరి చుక్కదాకా తాగి లేచాడు.

"హాస్పిటల్‌కి. వచ్చే బుధవారం నాలుగింటికొస్తా."

ఆ బుధవారం మూడున్నర నుంచే రాధారాణి మా గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఒళ్ళో నోట్‌బుక్ పెట్టుకుని కూర్చుంది. మూడూ యాభైకి టాక్సీ ఆగింది.

"పది నిమిషాలు ముందే వచ్చారు" అంది, రాసుకుంటూ.