పిల్లి కరిస్తే ఎద్దు పేరు చెప్పినా

ముందే చెప్తాండా, మధ్యలో నవ్వితే నేను చెప్పను. పోయిన వారం మా ఇంట్లో పిల్లి నన్ను కరిచింది. ఆ గాటు వల్ల మూడు కిలోమీటర్ల అవతలుండే ఒక ఎద్దు సంతకు పోయి అమ్ముడుబోవాల్సింది! ఎద్దు తప్పించుకునింది. నేనే తప్పించుకోలా.

నా ఉద్యోగం మీకు తెలిసిందే గదా. కమలాపురం పక్క పల్లెలో పశువుల ఆసుపత్రి అసిస్టెంటు. డాక్టరు గారు లేని దినాల్లో ఊరోళ్లకు నేనే డాక్టర్ సారు. పద్నాలుగేండ్ల సర్వీసు. తన్నే ఎనుములకు, పొడిచే పొట్టేళ్లకు, మనిషి మీదికొచ్చే దున్నపోతులకు సూదులేసిన చెయ్యప్పా ఇది! ఒక్కటి కూడా నన్ను గీకలా. "ఓబులేసు సారు చెయ్యేస్తే ఎంత పొగరుబోతు ఎద్దైనా మెత్తబడిపోతాది" అంటారు ఊర్లో. నేను గూడా నమ్మినా ఆ మాట.

ఇంగ పిల్లి సంగతి. మా ఇంటామె నాగమణిది ఎమ్మిగనూరు, మగ్గాలుండే ఇల్లు. నూలును ఎలకలు కొరకకుండా వాళ్లింట్లో పిల్లులు ఎప్పుడూ ఉంటాయి. పోయినేడు ఒక పిల్లిపిల్లను సంచిలో పెట్టుకోని తెచ్చింది. బూడిద రంగుది, వీపు మీద చీర అంచు మాదిరి పసుప్పచ్చ గీత. అందుకే జరీ అని పేరు పెట్టినాము.

ఆ జరీ నాగమణి చెప్పినట్ల వింటాది. నన్ను మాత్రం కరుస్తాది. ఊరికే గాదు, అదే వస్తాది! కాళ్లకు తల రాస్తాది, ఒళ్లో ఎక్కుతాది, గుర్రుగుర్రుమంటా కండ్లు మూస్తాది. నేను నిమర్తా ఉంటా. ఉన్నట్టుండి కసుక్కు! నిమరమని అడిగిందీ అదే, కరిచిందీ అదే. ఇదేం న్యాయమో చెప్పండి.

పోయిన ఆదివారం అన్నం తిని మంచం మీద ఒరిగినా. వచ్చి ఎక్కింది. తల నుంచి తోక దాకా నిమిరినా, వీపు తట్టినా. అది పక్కకు తిరిగి కడుపు చూపించింది. అబ్బా, ఎంత ప్రేమరా తల్లీ అని చెయ్యంతా పెట్టి కడుపు రుద్దినా. నాలుగు కాళ్లతో చేతిని వాటేసుకోని కొరికింది! నేనేమో ఠక్కున గుంజుకుంటి. గుంజేసరికి పండ్లు ఇంకా లోపలికి దిగినాయి.

"అమ్మా!" అని అరిస్తే వంటింట్లో నుంచి నాగమణి ఉరికొచ్చి అడిగిన మొదటి మాట ఏం తెలుసా?

"దాన్ని ఏం చేసినావు?"

దాన్నంట!

సబ్బు పెట్టి కొళాయి కింద బాగా కడుక్కోని, పోయి సూది ఏయించుకోని వచ్చినా. ఉన్నవి రెండు చుక్కలంత గాట్లే. అయితే నాగమణి నేతగాళ్ల బిడ్డ గదా, గుడ్డకు కరువా? మోచేతి దాకా కట్టు కట్టింది.

తెల్లారి ఆసుపత్రికి పోతే అటెండరు సుంకన్న చూసి ఎగిరిపడినాడు.

"సార్! ఏమైంది చేతికి?"

పిల్లి అని చెప్దామని నోరు తెరిచినా. వాకిట్లో పదిమంది రైతులు, ఎనుములు, ఆవులు. అందరూ నా చేతి తట్టే చూస్తాండారు. పద్నాలుగేండ్ల పేరు! నోట్లో నుంచి పిల్లి రాలా.

"ఎద్దు..." అంటి.

"ఎవరి ఎద్దు సార్? శనివారం రెడ్డెప్ప ఎద్దుకు డెక్క చూసినారే, అదా?"

నేను ఔనన్లా, కాదన్లా. "ఊఁ..." అని మూలిగినా. అంతే నేను చేసింది. మిగతాదంతా సుంకన్న చేసినాడు.

పది గంటలకు కొమ్ము చేతిలో దిగింది. పదకొండుకు ఈ పక్క దిగి ఆ పక్కకు ఎల్లింది. అన్నం వేళకు నన్ను ఎత్తి గడ్డివామి మీద పారేసింది. ఒక ముసలామె దారిలో నిలబెట్టి "ఎముకలు ఇరగలేదు గదా నాయనా" అని ఏడ్చింది. నాకు సిగ్గుగా ఉండాది, కొంచెం బాగా గూడా ఉండాది. అబద్ధం ఎందుకు?

సాయంత్రం ఇంటికొస్తే మా మామ వీరభద్రప్ప ఎమ్మిగనూరు నుంచి వచ్చుండాడు. అరవై ఎనిమిదేండ్లు, ఇంకా మగ్గం దిగలా. జరీ ఆయన ఒళ్లో పండుకోని ఉండాది. ఆయన్ను కరవదు! నాకు ఒళ్లు మండింది.

చెప్పులు ఇప్పినానో లేదో, "సార్" అని వాకిట్లో నుంచి పిలుపు. చూస్తే రెడ్డెప్ప. భుజం మీద శెనక్కాయల మూట, మొగమంతా పీక్కోని పోయుండాది.

"తప్పయిపోయింది సార్" అని మూట నా కాళ్ల ముందర దించినాడు. "ఆరేండ్లుగా బిడ్డ మాదిరి సాకినా దాన్ని. ఇంతవరకు ఒక మనిషిని గీకలా. మీ మీదికి ఎట్లొచ్చిందో, నేను చూడనే లేదు. మనిషిని పొడిచిందాన్ని ఇంట్లో పెట్టుకోవద్దు అంటాండారు అందరూ. రేపు సంతకు తోలుకోని పోతాండా."

ఆ ఎద్దెంత సాధువో నాకు తెలీదా? డెక్క గీకతా ఉంటే నా భుజం నాకింది, పాపం! మా ఇంటామె తలుపు కాడ చేతులు కట్టుకోని నిలబడింది. ఆ నిలబడిందాంట్లోనే అన్నీ ఉండాయి.

"అమ్మొద్దు రెడ్డెప్పా. అది మంచి ఎద్దు" అంటి.

"మీది పెద్ద మనసు సార్" అని కండ్లు తుడుచుకున్నాడు. "పొడిచిన ఎద్దును గూడా మంచిది అంటాండారు."

ఇంగ లాభం లేదు. కండ్లు మూసుకోని చెప్పేసినా. "రెడ్డెప్పా, ఎద్దు పొడవలా. పిల్లి కరిచింది."

"ఏ పిల్లి సార్?"

చూపించినా. జరీ మామ ఒళ్లో కాలు చాపుకోని ఆవలించింది. రెడ్డెప్ప పిల్లిని చూసినాడు, నా కట్టును చూసినాడు, మళ్లీ పిల్లిని చూసినాడు.

"నా ఎద్దును కాపాడేకి పాపం నోరులేని పిల్లి మీద పెడ్తాండారా సార్? వద్దు. ఆ పాపం నాకొద్దు. తెల్లారికి బండి మాట్లాడినా."

చెప్తే నమ్మడే! ఇంగేం చేయాల? మామ ఒళ్లో నుంచి పిల్లిని ఎత్తుకోని నా ఒళ్లో పెట్టుకున్నా. "చూడు, నీ ముందరే కరుస్తాది" అని నిమరబట్టినా. అది గుర్రుగుర్రుమంటా కండ్లు మూసింది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. రోజూ కరిచే పిల్లి ఆ పొద్దు దేవత మాదిరి కూర్చునింది! రెడ్డెప్ప నా తట్టు జాలిగా చూస్తాండాడు.

"కరవే తల్లీ, కరవే" అని బతిమిలాడినా.

మామ నవ్వినాడు. "ఉండప్పా అల్లుడా, తొందర పడొద్దు. కరిచే ముందర అది చెప్తాది. తోక కొస చూడు."

చూసినా. అంతవరకు కదలకుండా ఉన్న తోక కొస కొంచెం ఆడింది.

"అది 'ఇంగ చాలు' అనడం. మన చేతులు రుద్దీ రుద్దీ దానికి ఒళ్లంతా జివ్వుమంటాది. మొదట్లో హాయే, ఎక్కువైతే చిరాకు. నేను రెండుసార్లు నిమిరి చెయ్యి తీస్తా. మళ్లా కావాలంటే అదే తల పెడ్తాది. నువ్వు ఎనుమును రుద్దినట్ల రుద్దుతావు."

"మరి కడుపు చూపిస్తాదే మామా!"

"నమ్మినా నిన్ను అని చూపిస్తాది. ముట్టుకోమని గాదు. అదో, చెవులు చూడు."

చెవులు ఎనక్కి తిరిగినాయి. నేను నిమర్తానే ఉండా. వీపు మీద చర్మం అలలాగ వణికింది. గుర్రుమనేది ఆగిపోయింది. తోక ఇప్పుడు మంచానికేసి టపాటపా కొడ్తాండాది. రెడ్డెప్ప గూడా వంగి చూస్తాండాడు. ఇన్ని దినాలూ అది ఇన్ని మాట్లు చెప్తాంటే నేను ఒక్కటి గూడా ఇనలేదే అనిపించింది.

"ఇప్పుడు" అన్నాడు మామ.

కసుక్కు!

"కరిచింది!" అని ఎగిరి గంతేసినా. "చూసినావా రెడ్డెప్పా, కరిచింది! నా బంగారు తల్లి కరిచింది!"

ఈసారి చెయ్యి గుంజుకోకుండా పెట్టినా గాబట్టి ఉత్త గాటే, రక్తం రాలా. రెడ్డెప్ప వంగి నా చేతి మీద గాటు చూసినాడు. తర్వాత నవ్వినాడు చూడండి, అరుగు మీద కూలబడి, తుండుగుడ్డ నోట్లో కుక్కోని నవ్వినాడు. నాగమణి నవ్వింది, మామ నవ్వినాడు. నేనూ నవ్వినా, ఏం చేద్దాం! రెడ్డెప్ప ఆడ్నుంచే కొడుక్కు ఫోన్ చేసి "బండి వద్దని చెప్పురా, ఎద్దుకు బెల్లం పెట్టు" అన్నాడు. పోయేటప్పుడు ఏం చేసినాడో తెలుసా? "పిల్లి గాటుకు ఇన్ని అవసరం లేదులే సార్" అని సగం శెనక్కాయలు ఎనక్కి పోసుకోని పోయినాడు.

ఆ పొద్దు నుంచి జరీ నన్ను కరవలా. తోక చూస్తా, చెవులు చూస్తా, రెండుసార్లు నిమిరి చెయ్యి తీస్తా. అదే తల పెడ్తాది. నేనేదో పరీక్ష పాసైనట్ల మురిసిపోతాండా. అది చూసి నిన్న నాగమణి అనింది, "పదకొండేండ్లైంది మన పెండ్లై. నాకు ఎప్పుడు కోపమొస్తాదో ఒక్క దినం కనుక్కోలేదు గానీ, పిల్లికి మాత్రం ముందే కనుక్కుంటాండావే!"

నేను ఊరికే ఉండొచ్చు గదా? ఉండలా. "ఏం చేద్దాం మణీ, నీకు తోక లేదు గదా" అంటి.

అందుకేనప్పా, మీ చేతిలో ఉండే ఈ టీ నేను పెట్టిందే. చక్కెర ఏసినానో ఉప్పేసినానో, తాగి మీరే చెప్పండి.