నడుము మీది చెయ్యి

ఆమె పేరు నా సర్వే ఫారంలో రాసుకున్నాను, ఇప్పుడు గుర్తు లేదు. గుర్తున్నది ఆమె ఎడమ చెయ్యి.

ప్రజారోగ్యం చదివే రోజుల్లో ఇంటింటి సర్వేకు రావల్కోల్ వెళ్లేదాన్ని. ఆ రోజు చివరి ఇల్లు ఆమెది. అరవై దాటినా కూరగాయల తోటల్లో కూలికి పోయేది. నాకు పీట వేసి, తను నిలబడే ఉంది, ఎడమ చెయ్యి నడుముకు ఆనించుకుని.

"పెద్దమ్మా, నీ ఆరోగ్యం ఎట్లుంది?" ఫారంలో మొదటి ప్రశ్న అదే.

"మంచిగనే ఉన్న బిడ్డా."

"నడుము నొస్తలేదా?"

"నొస్తది. పండుకుంటె పక్కకు తిరగనియ్యదు. అయినా పనికి పోతున్న గదా, ఇగ మంచిగ లేకేంది?" అంటూ నడుము ఇంకాస్త గట్టిగా నొక్కుకుంది.

చెప్పింది చెప్పినట్టే రాయాలని మాకు నేర్పారు. 'బాగుంది' దగ్గర టిక్కు పెట్టాను. పొద్దుటి నుంచి తిరిగి కాళ్లు పీకుతున్నాయి, ఇంకో మాట అడిగే ఓపిక కూడా లేదు.

అంతకు ముందు, భూములున్న ఇంట్లో ఒకావిడ సోఫాలో కూర్చుని, ఫైలు తెరిచి, షుగరు నుంచి మోకాళ్ల దాకా అన్నీ చూపించింది. అక్కడ 'బాగాలేదు' అని టిక్కు పెట్టాను.

పట్టికలు వేసి చూస్తే, ఆ ఊళ్లో భూములున్న వాళ్ల కంటే కూలీలే ఆరోగ్యంగా ఉన్నారని తేలింది. మా గైడ్‌కు అది కొత్త విషయంగా తోచింది, దాని మీదే థీసిస్ రాయమన్నారు. రాశాను, పట్టా వచ్చింది.

ఆమె చెయ్యి ఎక్కడుందో మాత్రం అందులో ఎక్కడా రాయలేదు.