ఒక్క ఊపిరిలో మంగళవార్త

ఎరిస్ ద్వీపకల్పంలో చావింటికి ఫాదరుగారు ఆలస్యంగా వచ్చినా ఎవరూ ఏమీ అనుకోరు. అట్రాక్టా గాకన్ రావడం ఆలస్యమైతే మాత్రం జనం టీకప్పులు పట్టుకుని గుమ్మంకేసి చూస్తూ ఉంటారు. శవపేటిక పక్కన మోకాళ్ళ మీద కూర్చుని జపమాల నడిపించడం ఆవిడ పని. జీతం లేదు, ఎవరూ అప్పజెప్పనూ లేదు. బతికున్నన్నాళ్ళూ గుడి మెట్లెక్కని వాడినైనా సరే, ఆవిడ గొంతు పరలోకం గుమ్మం దాకా సాగనంపి వస్తుందని మావాళ్ళ నమ్మకం.

మరియమ్మకి చేసే మంగళవార్త జపంలో మొదటి సగం నడిపించేవాళ్ళు చెప్పాలి, రెండో సగం జనం అందుకోవాలి. ఆ మొదటి సగాన్ని అట్రాక్టా ఎక్కడా తెగకుండా ఒక్క ఊపిరిలో చెప్పేది. అదీ చిన్నప్పటినుంచీ ఉబ్బసం ఉన్న మనిషి! అందుకే ఆవిడకి దానిమీద అంత గర్వం. క్లినిక్కులో నర్సు ఓసారి మెత్తగా చెప్పింది: "చూడండమ్మా, మాట్లాడుతుంటే వాక్యం పూర్తి కాకుండానే ఊపిరి అయిపోతోందంటే, ఊపిరాడనప్పుడు పీల్చే నీలం పంపు కొట్టినా తగ్గట్లేదంటే, ఇక తెల్లారనిద్దాం, చూద్దాం అనుకోకూడదు. వెంటనే అంబులెన్సుకి ఫోన్ చేయాలి."

"నాకు వాక్యాలెందుకు తల్లీ, మంగళవార్త ఉందిగా," అంది అట్రాక్టా. "అది ఒక్క ఊపిరిలో రానినాడు నేనే ఫోన్ చేస్తాలే."

మాట ఇవ్వడానికేం, ఎవరైనా ఇస్తారు.

ఇక కాన్సెప్టా బ్యారెట్ సంగతి. పక్క ఊరావిడ. ఆవిడకీ మంచి గొంతుంది, ఆవిడకీ జపమాల నడిపించాలని కోరిక. ముప్పై ఏళ్ళుగా ప్రతి చావింట్లోనూ రెండో వరసలో కూర్చుని, జనంలోకెల్లా గట్టిగా రెండో సగం అందుకుంటూ, అట్రాక్టా ఎక్కడ తప్పుతుందా అని చెవులు రిక్కించి వింటూ ఉండేది. ఒకసారి అట్రాక్టా పది జపాలకి బదులు పదకొండు చెప్పేసింది. ఆ కబురు కాన్సెప్టా పుణ్యమా అని మర్నాటికల్లా సముద్రం అవతలి లంకలకి కూడా చేరింది. అప్పటినుంచీ ఇద్దరూ ఎదురుపడితే వానగురించో, తిట్టుకోవడానికో తప్ప ఇంకేమీ మాట్లాడుకోరు.

జూన్ నెలలో అట్రాక్టా అన్న ఫెస్టస్ పోయాడు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, చెల్లెలంటే ప్రాణం. పోయేముందు చెల్లెలి చెయ్యి పట్టుకుని, "నాకు నువ్వే చదవాలి. ఆ కాన్సెప్టా చదివిందంటే పెట్టెలోంచి లేచొచ్చేస్తా," అన్నాడు. అట్రాక్టా ఏడుస్తూనే నవ్వింది, సరేనంది.

అన్న మంచం పక్కన కూర్చున్న ఆ రోజుల్లో పొద్దునా సాయంత్రం పీల్చుకోవాల్సిన గోధుమరంగు మందు ఆవిడకి గుర్తే లేదు. అన్న పోయాక, జనం వస్తారు, ఇల్లు చూసి నవ్వుతారు అని, చెమ్మకి నల్లబడ్డ ఆ బ్రహ్మచారి ఇంటి గోడల్ని ఘాటు మందునీళ్ళు పోసి తనే తోమింది. పరుపులు దులిపింది. ఛాతీ పట్టేసింది. నీలం పంపు కొట్టింది, తగ్గింది. మధ్యాహ్నానికి మళ్ళీ కొట్టింది, కాస్త తగ్గింది. మూడోసారికి తగ్గినట్టే అనిపించలేదు. జపమాల అయ్యాక చూసుకుందాంలే అనుకుంది.

సాయంత్రం, ఇంకా పట్టపగల్లాగే వెలుగుంది. ముందుగదిలో ఫెస్టస్ పెట్టె, తలవైపు కొవ్వొత్తులు, కాళ్ళవైపు ఎవరో తెచ్చిన తెల్ల లిల్లీపూలు. పొయ్యిలో బొగ్గులా మండే పీట్ మట్టిగడ్డలు పొగలు కక్కుతున్నాయి. గదినిండా జనం, నడవలో జనం, వాకిట్లో జనం. అట్రాక్టా మోకాళ్ళ మీద కూర్చుని మొదటి పూస పట్టుకుంది.

"దేవ వరప్రసాదముచేత..." ఊపిరి అయిపోయింది. "నిండిన మరియమ్మా..." మళ్ళీ అయిపోయింది. "వందనము."

జనంలో ఆడవాళ్ళు ముక్కులు ఎగబీల్చారు. పాపం, అన్న మీద ప్రేమ గొంతుకి అడ్డం పడుతోంది అనుకున్నారు. ఎవరో వెనకనుంచి భుజం నిమిరారు. అట్రాక్టాకి మాత్రం తెలుసు అది దుఃఖం కాదని. దుఃఖమైతే కళ్ళలోంచి పోతుంది. ఇది పక్కటెముకల మధ్య ఇనపకట్టు బిగిస్తోంది. లేచి వెళ్ళిపోవాలి. ఎలా వెళ్తుంది? ఆవిడ లేస్తే ఆ పూస ఎవరి చేతికి పోతుందో అందరికీ తెలుసు. పెట్టెలోని అన్నకీ తెలుసు.

రుమాలు చాటున పంపు నోట్లో పెట్టుకుని కొట్టింది. ఇంకోసారి కొట్టింది. ఏమీ కాలేదు. జనం రెండో సగం చెప్తున్నంతసేపూ గాలికోసం భుజాలు ఎగరేస్తూ, మెడ నరాలు తేలిపోతుంటే శాలువా పైకి లాక్కుంది. రెండో పది మొదలయ్యేసరికి ఆవిడ ఛాతీలోంచి పిల్లికూతలు నడవ దాకా వినిపిస్తున్నాయి. ఒళ్ళంతా చల్లటి చెమట. చేతిలో పూసలు జారిపోతున్నాయి. చచ్చిపోతానేమో అన్న ఆలోచన మొదటిసారి వచ్చింది, భయం వేసింది. అయినా ఇంకొక్క పూస, ఇంకొక్కటి అనుకుంది.

అప్పుడు పిల్లికూతలు ఆగిపోయాయి.

"హమ్మయ్య, కుదుటపడింది," అంది పక్కనున్న ముసలమ్మ.

అట్రాక్టాకి కుదుటపడలేదు. శబ్దం లేదు, ఎందుకంటే లోపలికి గాలే లేదు. నిద్రలాంటిది ముంచుకొస్తోంది. పెదాలతో జపం ఆడించింది. జనం అందుకున్నారు గానీ, ఏదో తక్కువైంది. అందరికన్నా గట్టిగా వినిపించే గొంతు లేదు. తలెత్తి చూస్తే కాన్సెప్టా బ్యారెట్ ఎదురుగా నిలబడి ఉంది.

"ఆపు," అంది కాన్సెప్టా.

గదంతా ఒక్కసారి బిగుసుకుపోయింది. జపం మధ్యలో ఆపడమా, అదీ శవం ముందర!

"సిగ్గులేదూ కాన్సెప్టా?" అన్నారెవరో. "ఇవ్వాళ కూడానా నీ పోటీ?"

అట్రాక్టాకి ఒళ్ళు మండింది. దీనికోసమే కాచుక్కూర్చుంది మహాతల్లి, అనుకుంది. నోర్మూసుకుని కూర్చో అనబోయింది. "నోర్..." అన్నది వచ్చింది. మిగతాది రాలేదు.

కాన్సెప్టా ముఖం తెల్లబోయింది. "విన్నారా? ముప్పై ఏళ్ళుగా నన్ను తిడుతోంది, ఏనాడూ ఊపిరి చాలకపోలేదు. పెదాలు చూడండి, ఎలా నీలబడ్డాయో. మాలకీ! ఫోన్ తియ్యి. అంబులెన్సు పిలు."

మాలకీ అట్రాక్టా కొడుకు, పీతలు పట్టే పడవ నడుపుతాడు, మంచివాడు, మొహమాటస్థుడు. "అంబులెన్సెందుకు పిన్నీ, జనం ఏమనుకుంటారు? నేనే కార్లో తీసుకుపోతా..."

"దారిలో ఊపిరాగితే స్టీరింగు పట్టుకుంటావా, అమ్మని పట్టుకుంటావా? చెయ్యి ఫోను! ఉబ్బసం అని చెప్పు, మాట రావట్లేదని చెప్పు!"

మాలకీ నంబరు నొక్కాడు. ఎవరో పడుకోబెట్టండి అన్నారు. ఇంకెవరో ఒక గుక్క విస్కీ పట్టండి అన్నారు. మావాళ్ళకి తెలిసిన వైద్యం అదొక్కటే. "ముట్టుకున్నారంటే చేతులు విరుస్తా," అంది కాన్సెప్టా. అట్రాక్టాని లేవదీసి, వాకిట్లో గాలితగిలేచోట కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టింది. ఆవిడ హ్యాండ్‌బ్యాగు వెతికి పంపుకి తగిలించే గొట్టం తీసింది. ఒక్కసారి కొట్టి, నెమ్మదిగా పీల్చనిచ్చి, కాస్త ఆగి మళ్ళీ కొట్టింది. ఒక్కొక్కటిగా పదిసార్లు.

"కళ్ళు మూయకు. నన్ను చూడు. నా మొహం నీకు నచ్చదని తెలుసు, అయినా చూడు."

అట్రాక్టా చూసింది.

"మా తమ్ముడు ఇగ్నేషియస్‌కీ ఇలాగే ఆగిపోయాయి ఆ కూతలు," అంది కాన్సెప్టా, ఆవిడకి మాత్రమే వినపడేలా. "తగ్గిందిలే అనుకుని టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను. కప్పులు పట్టుకొచ్చేసరికి లేడు. అందరూ గుండె అన్నారు, నేనూ ఔనన్నాను. ఆ రాత్రి వాడికి జపమాల చదివింది నువ్వే."

అట్రాక్టాకి గుర్తుంది. ఆ రాత్రి కాన్సెప్టా గొంతు పెగల్లేదని, తన గెలుపు అనుకుని ఇంటికి వెళ్ళింది. ఆ జ్ఞాపకం ఛాతీలో బిగింపుకన్నా ఎక్కువ నొప్పెట్టింది.

అంబులెన్సు కొండదారిలో దిగి వస్తుంటే నడవలో ఒక ముసలాయన, "ఇప్పుడెందుకయ్యా ఇది? ఫెస్టస్ పోయి రెండ్రోజులైందిగా," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. తెల్లగొట్టం తగిలించిన మాస్కు అట్రాక్టా ముక్కూ నోరూ మూసేసింది, పొగలాంటి మందు లోపలికి పోయింది. మాలకీ పెట్టె దగ్గర ఉండిపోవాలి, శవాన్ని ఒంటరిగా వదలకూడదు. తలుపులు వేయబోతుంటే కాన్సెప్టా ఒక కాలు లోపల పెట్టి ఎక్కేసింది.

మర్నాడు మధ్యాహ్నం అట్రాక్టా ఆసుపత్రి మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుంది. ఇంకో పావుగంట ఆలస్యమైతే మేమేం చేయగలిగేవాళ్ళమో తెలియదు అని డాక్టరమ్మ చెప్పి వెళ్ళింది. కిటికీ బయట వాన. అక్కడ ఎరిస్‌లో ఈపాటికి ఫెస్టస్‌ని మట్టిలో పెట్టేసి ఉంటారు. అన్నకి తను ఇచ్చిన మాట మట్టిపాలైంది. ఏడుపొచ్చింది, ఏడ్చింది.

కుర్చీలో కాన్సెప్టా నిన్నటి నల్లగౌనులోనే ఉంది.

"మిగిలింది... ఎవరు చదివారు?" అడిగింది అట్రాక్టా. సమాధానం తనకి తెలుసనుకుంది. తిరిగి వెళ్ళి చదివేసి వచ్చుంటుంది, ముప్పై ఏళ్ళు కాచుకున్న అవకాశం.

"మగాళ్ళు. మాలకీ ఫోన్ చేశాడు. రెండు పూసలు ఎగ్గొట్టి, ప్రతి పదికీ ముందు చెప్పే రహస్యాల్లో ఒకదాని పేరు మర్చిపోయారట. ఫెస్టస్ లేవలేదు మరి."

"నువ్వు వెళ్ళలేదా?"

"ఎలా వెళ్తాను? నువ్వు నిద్రలో ఎలా ఊపిరి తీస్తున్నావో వింటూ కూర్చున్నా."

అట్రాక్టా దిండు కింద తడిమి జపమాల తీసి, కాన్సెప్టా వైపు చాపింది.

"వాడికి మొదటినుంచీ చదువుదాం. మొదటి సగం నువ్వు చెప్పు."

కాన్సెప్టా పూస పట్టుకుంది. ముప్పై ఏళ్ళు ఎదురుచూసిన ఆ మొదటి సగాన్ని చివరిదాకా చెప్పింది. అట్రాక్టా రెండో సగం అందుకుంది. "పరిశుద్ధ మరియమ్మా," అని, "ఇప్పుడును మా మరణ సమయమందును" దగ్గర ఆగి ఊపిరి తీసుకుని, ముగించింది.

"మధ్యలో ఆగావు," అంది కాన్సెప్టా వెంటనే. "నర్సుని పిలవనా?"

"నోర్మూసుకుని ముందుకి చదవవే, మహాతల్లీ, ఆసుపత్రంతా నీ గొంతే వినపడుతోంది!"

ఆ మాట మొత్తం ఒక్క ఊపిరిలో వచ్చింది. ఇద్దరూ విన్నారు. కాన్సెప్టా నల్లగౌను చేతితో కళ్ళు తుడుచుకుని, రెండో పూస పట్టుకుంది.