తుపాకీకి నలుగు

ఈ కొండల్లో చైత్రమాసపు వేటకు వెళ్లిన మగవాళ్లు ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు పోస్తారు. అంగడి పెట్టుకోవడానికి పల్లం నుంచి వచ్చినవాణ్ణని నన్నేమీ విడిచిపెట్టలేదు. కిందటేడు నా మీదా పోశారు. ఒళ్లు మండిపోయింది. తప్పు నాది కాదు, నా పాత బోల్టు తుపాకీది. దాని ట్రిగ్గరు ఎంత బిగువంటే, గట్టిగా లాగేసరికి గొట్టమే పక్కకు తిరిగేది.

ఈసారి వేటకు ముందురోజు తుపాకీ విప్పి, లోపల ట్రిగ్గరు పట్టుకునే ఉక్కు అంచును నూనె వేసి సానరాయి మీద అద్దంలా నున్నగా చేశాను.

"ఏటి, పొద్దున్నుంచీ దానికి నలుగెడతన్నారా?" అంది నా భార్య.

ఖాళీ తుపాకీని బిగించి నొక్కి చూశాను. వెన్నలో వేలు పెట్టినట్టుంది. ఆ సంబరంలో నాకు అన్నం కూడా సయించలేదు.

మర్నాడు పొదల్లో అడవిపంది కనిపించింది. ఊపిరి బిగబట్టి తుపాకీ ఎత్తాను. గురి కుదరకముందే, వేలు తగిలీ తగలగానే పేలింది. గుండు నేలలోకి, పంది లోయలోకి పోయాయి.

ఊరి మొదట్లో, ఆడవాళ్లందరికీ ముందు, పేడకుండతో నా భార్యే నిలబడి ఉంది.

"బేగి రండి," అంది. "ఇప్పుడు మీకు నలుగెడతాను."