పలకని ప్రాపులు

మేం దిగింది ఆగస్టులో, ఉదయం ఆరు ఇరవైకి. భద్రాచలం నుంచి పడవలో రెండు గంటలు. పదకొండు మంది సాపర్లం, అంటే తుపాకీ కంటే పార ఎక్కువ పట్టే సిపాయిలం. రెండు రబ్బరు పడవలు, రెండు వైర్‌లెస్ సెట్లు, నాలుగు వందల గోతాలు. వాన ఆగలేదు. అడవి మెడ దాకా గోదాట్లో నిలబడి ఉంది.

ఊళ్లో మునగనివి రెండే. పల్లంలో, మట్టికట్ట వెనక దవాఖానా. గుట్ట మీద రాతి చర్చి.

చర్చిని వెనకటికి ఒక తెల్ల పాదిరి తన దేశపు పద్ధతిలో కట్టించాడట. మొన తేలిన కిటికీలు, సన్న గోడలు, లోపల రాతి కమాన్ల కప్పు. ఎత్తు పద్దెనిమిది అడుగులు, నేనే తాడుతో కొలిచాను. బయట ఒక్కో పక్క నాలుగేసి రాతి దిమ్మెలు, గోడకు భుజం ఆనించినట్టు. లోపల నూట నలభై మంది, వాళ్ల మేకలు.

చర్చి ఊడ్చి దీపం పెట్టే ముసలమ్మ శాంతమ్మ. ఆమె గదిలో ఒక పటం: పాదిరి సొంత ఊరి పెద్ద చర్చి. గోడల చుట్టూ రాతి కమాన్లు బయటికి చాచుకొని ఉన్నాయి.

"ఏంటవ్వా, దేవుడికి ఎండ్రకాయ మీద గుడి కట్టారా?" అన్నాడు మా రేడియో ఆపరేటర్. తెనాలివాడు.

"నీ నోరు పడ! ఆ కాళ్లే దాన్ని నిలబెడుతయ్. కప్పు బరువు కిందికి దిగదట, పక్కకు తంతదట. దొర మా నాయనకు చెప్పిండు."

నవ్వాం. అందరికంటే ఎక్కువ నేనే.

పది నలభైకి కట్టకు గండి పడింది. దవాఖానాలో మంచం దిగలేని రోగులు పన్నెండు మంది. గోతాలు అయిపోయాయి. చుట్టూ నీళ్లు, చేతికందే రాయి ఎక్కడా లేదు. కెప్టెన్ సాబ్ చర్చి వైపు చూశాడు. "ఆ దిమ్మెలు తీస్తే ఏమవుతుంది?" అని హిందీలో నన్ను అడిగాడు.

నన్నే ఎందుకు? మాది ఇల్లందు. మా నాన్న బొగ్గు బాయిలో టింబర్ పని. బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టాలి. దుంగను ప్రాపు అంటారు. బాయి కాడ పుట్టినవాడికి కప్పు గురించి తెలిసింది ఒక్కటే: అది పైనుంచి కిందికి దిగుతుంది.

"లోపల ప్రాపులు వేస్తే చాలు సాబ్. ఉత్తరం దిమ్మెలు తీసుకోవచ్చు."

ఆర్డర్ ఆయనది. మాట నాది.

శాంతమ్మ దిమ్మెకు వీపు ఆనించి నిలబడింది. "బిడ్డా, ఇవి మా నాయన నెత్తిన మోసిన రాళ్లు. ఇవి తీస్తే గోడ నిలవది."

"బాయి కాడ పుట్టినోనికి కప్పు సంగతి చెప్తున్నవా అవ్వా?"

"బాయి భూమి కడుపుల ఉంటది. ఇది ఒంటరిగ నిలబడ్డది."

పక్కకు జరిపాను. అవును, చెయ్యి పట్టుకొని జరిపాను.

వరదలో కొట్టుకొచ్చిన టేకు దుంగలు ఆరు దొరికాయి. పన్నెండింటికల్లా నిలబెట్టి మేకులు బిగించాం. రెండుంబావుకు నాలుగో దిమ్మె నేలమీదికి వచ్చింది. నాలుగింటికి గండి పూడింది. దవాఖానా దక్కింది. అది అబద్ధం కాదు.

నాలుగున్నరకు శాంతమ్మ గంజి గిన్నె పట్టుకొని వచ్చింది. గంజి మీద సున్నం పొడి. పైనుంచి రాలుతోంది. "లెవ్వుండ్రి, బయటికి నడువుండ్రి" అని జనాన్ని వానలోకి తోలుతోంది. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"ప్రాపు పలకలే అవ్వా. కప్పు దిగితే ముందుగాల ప్రాపు కిర్రుమంటది. లోపలికి పోండ్రి."

బాయిలో ప్రాణాలు నిలిపేది ఆ చప్పుడే. నా మాట మీద సగం మంది లోపలికి మళ్లారు. పసిపిల్లలతో.

"పలకలేదంటే మోస్తున్నట్టా, మోస్తలేనట్టా? పట్టి చూడు" అంది శాంతమ్మ.

పట్టాను. బరువు మోసే ప్రాపు ఏనుగు కాలులా ఉంటుంది, కదలదు. ఇది పందిరి గుంజలా చేతిలో తిరిగింది. కప్పు దాన్ని అసలు తాకడం లేదు. పక్కకు తంతోంది.

పక్కనున్న సిపాయి చేతిలోంచి సెట్టు లాక్కున్నాను. "చర్చి ఖాళీ చేస్తున్నాం. ఓవర్."

కట్ట మీదినుంచి ఆపరేటర్: "ఎందుకన్నా? ఓవర్."

"నాది తప్పు. ఓవర్."

ఐదూ పదికి ఉత్తరం గోడ బయటికి ఒరిగింది. అలిసినవాడు పక్కకు పడుకున్నట్టు, మెల్లగా. కప్పు దాని వెంట పోయింది. మనుషులు దక్కారు.

రిపోర్టులో 'వరద తాకిడికి శిథిలం' అని రాశారు. నీళ్లు ఆ చర్చి మెట్టు కూడా తాకలేదు! సాబ్‌తో అన్నాను. "దవాఖానా బతికింది కదా. సంతకం పెట్టు" అన్నాడు. పెట్టాను. ఇప్పటికీ అందరూ 'వరదలో పోయిన చర్చి' అంటుంటే ఒళ్లు మండుతుంది. వరదకేం తెలుసు పాపం?

ఎనిమిదో తరగతి తప్పినవాణ్ని. సికింద్రాబాదులో పాత పుస్తకాల బండి మీద యూరపు చర్చిల పుస్తకాలు కొని, డిక్షనరీ పక్కన పెట్టుకొని ఏళ్ల తరబడి చదివాను. అక్కడ చర్చిలు కట్టినవాళ్లకు ఎత్తు కావాలి, వెలుగు కావాలి. గోడను సన్నం చేసి రంగుటద్దాలు పెట్టారు. బరువును కమాన్ల మీదుగా బయటి దిమ్మెలకు అప్పగించారు. ఫ్రాన్సులో బోవే అనే ఊళ్లో మరీ ఎత్తుకు పోయి వాళ్లూ కప్పు కూల్చుకున్నారు. తర్వాత స్తంభాలు పెంచి మళ్లీ లేపారు. శాంతమ్మ రెండు ముక్కల్లో చెప్పింది అర్థం కావడానికి నాకు మూడు పుస్తకాలు పట్టాయి.

ఆ వరద పని ముగిసి ఇల్లందు చేరగానే నాన్నకు చెప్పాను. బూట్లు కూడా విప్పలేదు.

"ప్రాపులు ఇరిగినయా?"

"లేదు. మూడు పక్కకు పడ్డయ్, మూడు గట్లనే ఉన్నయ్."

నాన్న బీడీ ఆర్పాడు. "కప్పు కూలినంక నిలబడ్డ ప్రాపు నేనైతే చూడలే."

నేను చూశాను. తిరుగు పడవ మర్నాడు ఉదయం ఏడింటికి కదిలింది. వాన వెలిసింది. గుట్ట మీద రాళ్ల కుప్ప, దాని నడుమ మూడు టేకు దుంగలు నిటారుగా. వాటి మీద ఏమీ లేదు, ఆకాశం తప్ప. నడిమి దుంగకు నేను కొట్టిన మేకుకే శాంతమ్మ తన గదిలోని చర్చి పటం తగిలించింది, తడి ఆరడానికి.