యవ్దోఖా పుట్టింటి వెల్లుల్లి

మా గ్రామస్థుడైన హ్నాత్‌ను వివాహమాడి వచ్చిన నాడు యవ్దోఖా, ఎగువ కొండలలోని పుట్టింటి నుండి ఒక సంచెడు వెల్లుల్లి వెంట తెచ్చుకున్నది. తరువాత జలాశయం కట్టినప్పుడు ఆ ఊరు, ఆమె తల్లి సమాధితో సహా, నీట మునిగినది. పుట్టింటిదని చెప్పుకోవడానికి ఆమెకు మిగిలినది ఆ వెల్లుల్లి ఒక్కటే. ఊదారంగు పొర, నడుమ కర్రవలె గట్టి కాడ. శరత్తులో పొక్రోవా పండుగ వెళ్ళగానే రెబ్బలు నాటి, పైన గడ్డి కప్పేది. మోకాలి లోతు మంచు పడిన ఏడు కూడా, వసంతంలో మొదట తలెత్తేవి అవే.

విత్తనపు వెల్లుల్లి గడప దాటితే ఇంటి కలిమి దాని వెంటే పోవునని మా వైపు నమ్మకం. ఆమె దానిని అక్షరాలా పాటించినది. పొరుగింటి కలీనా మాత్రం ఏటా అడగక మానేది కాదు.

"వదినా, నాలుగు రెబ్బలిస్తే నీ సొమ్మేం పోయింది? నీ మొగుణ్ణేమీ అడగట్లేదుగా!"

"మొగుడు కావాలంటే ఇప్పుడే తోలుకుపో తల్లీ. రెబ్బ మాత్రం ఇవ్వను. కూరలోకంటావా, దంచి ఉప్పేసి ఇస్తా."

అన్నట్లే దంచి ఇచ్చేది.

గడ్డ బలియుటకై అందరూ వేసవి మొదట్లో ఆ నడిమి పూకాడలు కోసివేస్తారు. యవ్దోఖా కంచె పక్కన కొన్నింటిని కోయక వదిలేది. వాటి చివర గుత్తిగా కాసే చిట్టి గడ్డలను ఏటా కొత్తగా దాచేది; ఏడాది దాటితే అవి ఎండి మొలకెత్తవు. భూమిలోని పంట చెడినా, వాటిని నాటి రెండేళ్లలో అదే రకాన్ని తిరిగి నిలుపుకొనవచ్చును.

మొన్నటి వానల ఏడు, ఆమె ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో ఉండగా కాడలు కోసే అదను వచ్చినది. ఇంటికి వచ్చి మడి తవ్విచూస్తే, ప్రతి గడ్డా బూజుపట్టి కుళ్ళి వేళ్ల మధ్య జారిపోయినది. ఆమె లేచి కంచె వద్దకు నడిచినది.

"ఏవయ్యా, ఇక్కడి కాడలేవి?"

"కోసేశానే. నువ్వొచ్చేసరికి పనుండకూడదని. కొన్ని గుడ్లలో వేయించుకున్నా, మిగతావి నీకోసం జాడీలో ఊరేశా."

"అన్నీనా?"

"ఒక్కటి వదిల్తే ఒట్టు!" అన్నాడు హ్నాత్, మెప్పు కోసం ఎదురుచూస్తూ.

ఆమె చేతుల మట్టి చాలాసేపు తుడుచుకున్నది. "మంచి పని చేశావులే. రా, బోర్ష్ పులుసు చల్లారిపోతోంది."

కంచె పక్కన కాడలే ఆ రకానికి మిగిలిన విత్తనమన్న సంగతి అతనికి కలీనా చెప్పినది. ఆ ముసలివాడు టోపీ చేతబట్టుకొని ఇల్లిల్లూ తిరిగాడు. ఆ విత్తనం ఎవరి వద్దా లేదు.

"నాకెప్పుడూ దంచిందే పెట్టిందిగా అన్నయ్యా!" అని కలీనా కంటతడి పెట్టినది. "ఒక్క రెబ్బ దొంగిలించినా బాగుండేది. నాకా బుద్ధీ లేకపోయె."

ఆ సాయంకాలమే ఆమె, తన తల్లి చేతి నుండి వచ్చిన సొంత విత్తనం ఒడినిండా తెచ్చి యవ్దోఖా బల్లపై పోసినది.

"నీ కలిమి పోతుందే పిచ్చిదానా," అన్నది యవ్దోఖా.

"పోతే పోనీ వదినా. నాటుకో."

యవ్దోఖా నాటినది. పంట నిండుగా వచ్చినది. ఆ క్రిస్మస్ ముందటి సాయంత్రం, ఆచారం ప్రకారం బల్లగుడ్డ కింద నాలుగు మూలలా నాలుగు రెబ్బలు ఉంచుతుండగా హ్నాత్ భయపడుతూ అడిగాడు.

"బాగానే వచ్చింది కదే?"

"వచ్చిందయ్యా. కలీనా వాళ్ళ అమ్మకి మంచి చెయ్యి," అని ఆమె గుడ్డ ముడతలు సరిచేసి, కొవ్వొత్తి వెలిగించినది.