పండుగ పొట్టేలు, పందెం పొట్టేలు

మొన్న దసరా నాడు మా ఆయన పరువు ఒక్క తేన్పు వల్ల దక్కింది. నవ్వకండి. చాయ్ చల్లారేలోపు మొత్తం చెబుతాను, తర్వాత నవ్వాలో వద్దో మీరే చూసుకోండి. ఎవరైనా మీకు ఇంతకుముందే చెప్పి ఉంటే అది సగమే. ఈ ఊళ్లో ఏ సంగతైనా పూర్తిగా తెలియాలంటే నా దగ్గరికే రావాలి. ఈసారి సంగతి నా గురించే కావడం ఒక్కటే కొంచెం ఇబ్బంది.

మా ఇంటికి కబడ్డి పిచ్చి మా మామ కాలం నుంచి ఉంది. ఆయన పోయాక ఆ పిచ్చిని మా అత్త, మా ఆయన, మా మరిది పంచుకున్నారు. పొలం పంపకాల్లో వచ్చినంత పంచాయితీ కూడా రాలేదు. మా ఆయన మోకాలు విరిగే దాకా ఆడి, విరిగాక అంపైరయ్యాడు. మెడలో సీటీ లేకుండా స్నానానికి కూడా పోడు. మరిది నర్సింలు ఊరి టీముకు కెప్టెన్. పొద్దున లేచి అద్దం ముందు నిలబడి తొడ చరుచుకుంటాడు. తనకు సంబంధాలు ఎందుకు కుదరడం లేదో మాత్రం తెలియదంటాడు. అత్తకు చూపు తగ్గింది కానీ చెవులు బాగా పనిచేస్తాయి. గీత పక్కన పీట వేసుకుని కూర్చుని, కూత విని, ఎవడి ఊపిరి ఎక్కడ తెగిందో చెప్పేస్తుంది.

మా ఇంట్లో పండుగ భోజనం కూడా ఆటే. సీటీ ఊదితే వడ్డన మొదలు. ‘చాలు’ అన్నవాడు ఔట్. చివరిదాకా విస్తరి ముందు నిలిచినవాడికి అత్త నిప్పుల మీద కాల్చిన పొట్టేలు కార్జం పెడుతుంది. ఇది మా మామ పెట్టిన ఆచారం. కొత్త కోడలిగా వచ్చిన ఏడాది నాకు తెలియక, మర్యాదగా ఉంటుందని మొదట్లోనే చాలు అన్నాను. ఆ పండుగ నాకు పచ్చిపులుసుతో అయిపోయింది.

ప్రతి దసరాకూ పక్కూరి టీముతో మ్యాచ్ ఉంటుంది. వాళ్లు పొద్దున్నే నడిచి వస్తారు. మధ్యాహ్నం రెండు టీములకూ మా ఇంట్లోనే భోజనం. ఎండ తగ్గాక మ్యాచ్. పొద్దు వాలగానే ఆట ఎక్కడున్నా ఆపి, అందరూ కలిసి జమ్మికి పోవాలి. గెలిచిన ఊరు ఒక పొట్టేలును తోలుకుపోతుంది. ఈ ఏటి పందెం పొట్టేలు తెల్లటిది, మెడ ఎర్రగా, కొమ్ములు వంపు తిరిగి, చూస్తే మా నర్సింలుకంటే పెళ్లికొడుకులా ఉంది. ముందురోజు దానికి పసుపు పూసి, మెడలో గజ్జెలు కట్టి, డప్పులతో ఊరంతా తిప్పారు. ప్రతి మలుపులో మా ఆయన సీటీ ఊది రూలు చదివాడు.

“గెలిచినోళ్లకు పొట్టేలు పానంతోని ఇయ్యాలె. సమానమైతే కోసి, రెండూర్లోళ్లు ఒక్క బంతిల కూసొని తినాలె.”

ఇన్నేండ్లలో ఒక్కసారి కూడా సమానం కాలేదు కదా, ఆ రెండో ముక్క ఎందుకు, గొంతు నొప్పి అని నేనే అన్నాను. రూలు రూలే అన్నాడు.

భోజనానికి కోయాల్సిన పొట్టేలు వేరే ఉంది. నల్లది, బక్కది, ఒక కొమ్ము విరిగింది. రెండూ మా కొట్టంలోనే పక్కపక్కన కట్టేసి ఉన్నాయి. ఒకటి పండుగ పొట్టేలు, ఇంకొకటి పందెం పొట్టేలు. ఈ రెండు మాటలను నోటి నిండా ఆకువక్క పెట్టుకుని, పక్కన డప్పులు మోగుతుండగా ఒకసారి పలికి చూడండి. అప్పుడు నన్ను తిట్టండి.

పండుగ పొద్దున మగవాళ్లంతా ముగ్గుపిండితో గీతలు వేయడానికి ఆట జాగాకు పోయారు. కోతకు ఖాసిం మామ వచ్చాడు. ఏటా ఆయనే వస్తాడు. ఆ సమయంలో నేను గోడ దగ్గర నిలబడి పక్కింటి లచ్చమ్మకు ఆమె అల్లుడి సంగతే చెబుతున్నాను. పాలమూరులో నౌకరీ చేసే ఆ అల్లుడు కొత్తగా చేతి గడియారం కట్టుకు తిరుగుతున్నాడు. అది నడవదు. ఎవరైనా టైం అడిగితే గడియారం వైపు చూసినట్టు చూసి, ఎండను బట్టి చెబుతాడు. లచ్చమ్మ ముఖం ఎర్రబడుతోంది, కథ మంచి చోట ఉంది. ఖాసిం మామ ఏ పొట్టేలని అడిగాడు. ఆకు ఉమ్మడానికి తీరిక లేక పండుగది అన్నాను. ఆయనకు అది పందెంది అని వినపడింది. పాపం, పెద్దమనిషి, మళ్లీ అడిగాడు పందెందేనా అని. డప్పుల్లో నాకు అది పండుగదేనా అని వినపడింది. తల ఊపాను. అన్నీ విప్పనా అన్నాడు. విప్పు అన్నాను. అన్నీ అంటే ఏవని అడగాల్సింది. గడియారం కథ వదిలి పోవాలనిపించలేదు.

లచ్చమ్మ అలిగి లోపలికి పోయాక తీరిగ్గా వెనక్కి తిరిగాను. ఖాసిం మామ చేతులు కడుక్కుని వచ్చి నా చేతిలో గజ్జెలు పెట్టాడు.

“ఇగో బిడ్డా, గివి పైలం. బంగారమసొంటి పొట్టేలు. పందెం ఇడిసిపెట్టిన్రా ఏంది?”

కొట్టంలోకి చూశాను. నల్లది తీరిగ్గా మేత నములుతూ నన్ను చూసింది. నా నోట్లో ఉన్న ఆకు మొత్తం లోపలికి పోయింది.

నల్లదాన్ని కడిగి, పసుపు పూసి నిలబెడదామా అంటే, వచ్చేవాళ్లంతా గొర్లు కాసే ఇండ్ల వాళ్లు. మంద చివర ఉన్న పొట్టేలును కూడా పేరు పెట్టి పిలుస్తారు. వాళ్లు గెలిచి పొట్టేలును ఇమ్మంటే ఏం చెప్పాలి? పందెం పొట్టేలును అంపైరే కోసుకు తిన్నాడని కోస్గి సంతకు మాకంటే ముందే ఆ మాట చేరుతుంది. సొంత తమ్ముడిని కూడా మొహమాటం లేకుండా ఔట్ ఇచ్చే మనిషి మా ఆయన. ఆ పేరు పోతే సీటీ తీసి బావిలో పారేస్తాడు. నాకు ఆ సీటీ మీద ప్రేమేమీ లేదు. కానీ అది లేకపోతే రోజంతా ఇంట్లోనే ఉంటాడు.

మనవాళ్లే గెలిస్తే మాత్రం బయట పడదు. నర్సింలు ఇంటివాడు, తిట్టి కూర్చోబెట్టవచ్చు. కాకపోతే నర్సింలు గెలవాలి. అక్కడే నాకు భయం.

ఎవరూ తొంగిచూడకుండా కొట్టం తలుపు మూసి, గజ్జెలను కొంగులో చుట్టి నడుములో దోపుకుని వంటింట్లోకి పోయాను. గారెలు కాలుస్తున్న అత్త తల ఎత్తకుండానే, నడుములో ఆ చప్పుడేందని అడిగింది. ఇక దాచి లాభం లేదు. చెప్పాను. అత్త మాంసం గిన్నెను దగ్గరికి లాక్కుంది. గిన్నె మూత తీసి వాసన చూసింది.

“కూరైతే మంచిగయితది. వాళ్లకు కడుపు పగిలేటట్టు పెట్టు. కూత ఎట్ల పట్టుకుంటరో చూద్దాం.”

పక్కూరి వాళ్లు వచ్చారు. వాళ్ల కెప్టెన్ పెంటయ్య మా తలుపులో పక్కకు తిరిగితే తప్ప పట్టడు. రెండు టీములు ఎదురెదురుగా కూర్చున్నాయి. మా ఆయన సీటీ ఊదాడు. నేను పక్కూరి వాళ్లకు బగారన్నం గుట్టలుగా పెట్టి, దాని మీద కూర గరిటె నిండా పోశాను. మనవాళ్లకు మాత్రం చూపించీ చూపించనట్టు వేశాను. అది కాసేపే సాగింది.

“వదినా, గాయనకు గంత, నాకు గింతనా? నేనేమన్న ఔటయిన్నా?” అన్నాడు నర్సింలు.

అందరూ నా వైపు చూశారు. చేసేది లేక అతనికీ పోశాను. పెంటయ్య ఇంకో గారె అంటే నర్సింలు ఇంకో రెండు అంటాడు. నర్సింలు ముక్కలు అడిగితే పెంటయ్య గిన్నే దగ్గర పెట్టమంటాడు. ఎవడి నోటా చాలు అన్న మాట రాదు. ముఖాలు మాత్రం నల్లబడుతున్నాయి. ఇంతలో పెంటయ్య ఒక ముక్క నమిలి, కండ్లు మూసుకుని, ఈ పొట్టేలు ఎక్కడిది అక్కా, మంచి మేత మేసినట్టుంది అన్నాడు. గరిటె నా చేతిలో అలాగే ఆగిపోయింది.

“తిను బిడ్డా. తినేటప్పుడు మాట్లాడినా ఔటే,” అంది అత్త.

అటువంటి రూలు అప్పటిదాకా లేదు. మా ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. లోకంలో అందరికీ సీటీ ఊదే ఆ మనిషి వాళ్ల అమ్మకు మాత్రం ఎప్పుడూ ఊదలేదు. చివరికి గారెలు అయిపోయాయి, కూర అయిపోయింది, ఎవరూ ఔట్ కాలేదు. కార్జం ఎవరికి ఇవ్వాలో తేలక అత్తే తినేసింది.

ఆట మొదలైంది. ఎప్పుడూ దూకుతూ వచ్చేవాళ్లు ఆ రోజు పెండ్లి ఊరేగింపులో నడిచినట్టు వచ్చారు. మొదటి కూతకు నర్సింలు పోయాడు. తొడ చరిచాడు. అద్దం ముందు వచ్చే చప్పుడు రాలేదు. కబడ్డి కబడ్డి అంటూ గీత దాటి, పెంటయ్య మీదికి చెయ్యి చాపేసరికి లోపలి నుంచి పెద్ద తేన్పు వచ్చింది. అందరూ సీటీ వైపు చూశారు. తేన్పు వస్తే కూత తెగినట్టా, తెగనట్టా? మా ఆయనకు ఇది ఎప్పుడూ ఎదురుకాలేదు. పెంటయ్య పడిపడి నవ్వుతూ, తెగినట్టే, ఔట్ ఇయ్యి అని పట్టుబట్టాడు. అత్త కూడా గీత పక్కనుంచి తెగిందని చెప్పింది. మా ఆయన తమ్ముడిని ఔట్ ఇచ్చాడు.

ఆ రూలుతోనే సాయంత్రం అంతా గడిచింది. వచ్చినవాడల్లా నాలుగు కూతలు కూస్తాడు, తేన్పుతో వెనక్కి పోతాడు. పట్టుకుని ఔట్ చేసింది తక్కువ, గారెలు ఔట్ చేసింది ఎక్కువ. ఏటా మన టీమును చూసి నవ్వడానికే నేను మ్యాచుకు పోతాను. ఈసారి ఆడవాళ్ల మధ్య నిలబడి, నడుములో గజ్జెలు మోగకుండా చేతితో అదిమిపట్టుకుని, నర్సింలు కోసం యాదగిరిగుట్ట నర్సింహస్వామికి మొక్కుకున్నాను.

పొద్దు వాలింది. పెద్దమనుషులు జమ్మికి వేళవుతోందని లేచారు. చివరి కూత పెంటయ్యది. అప్పటికి వాళ్లే ఒక్క పాయింటు ముందున్నారు. అతను ఎవరినీ ముట్టక్కర్లేదు, ఊపిరి తెగకుండా తిరిగిపోతే చాలు. వచ్చాడు. మనవాళ్లు చుట్టూ నిలబడి చూశారు, పట్టుకోవడానికి వంగే ఓపిక ఎవరికీ లేదు. పెంటయ్య మెల్లగా తిరిగి గీత వైపు నడిచాడు. నేను మా ఆయన మెడలోని సీటీని చూశాను. రేపు ఇది బావిలో ఉంటుంది అనుకున్నాను. పెంటయ్య గీత మీదికి కాలు ఎత్తాడు.

అప్పుడు వచ్చింది. మా గారెలు, బగారన్నం, పందెం పొట్టేలు కలిసి ఒకేసారి పలికినట్టు వచ్చింది. ఆ తేన్పు జమ్మి దగ్గర ఉన్నవాళ్లకు కూడా వినబడిందట.

“తెగింది,” అంది అత్త.

పెంటయ్య నోరు తెరిచాడు కానీ, మొదటి కూతప్పుడు ఆ రూలు పెట్టించింది తనేనని గుర్తొచ్చి మూసుకున్నాడు. సీటీ మోగింది. సమానం. వాళ్లు గెలవలేదన్న సంతోషంలో నాకు ఇంకేమీ తోచలేదు. మా ఆయనకు మాత్రం ఇన్నేండ్లు చదివిన రూలుకు మొదటిసారి పని దొరికింది. గొంతు సవరించుకుని, రెండూర్లోళ్లు ఒక్క బంతిలో కూర్చుని తినాలని మొత్తం మళ్లీ చదివి, పొట్టేలును పట్టుకురమ్మని నా వైపు చెయ్యి చూపించాడు. తినాలి అన్న మాట వినగానే రెండు టీములూ పొట్టలు పట్టుకున్నాయి. నర్సింలు కింద కూర్చున్నాడు.

నేను కొంగు విప్పి గజ్జెలు తీసి చూపించాను.

“పొద్దుగాలనే కోసినం. ఒక్క బంతిలనే కూసొని తిన్నరు. చాలు అన్నోడు గూడ లేడు.”

మా ఆయన నోట్లోంచి సీటీ జారింది. పెంటయ్య గజ్జెలను చూశాడు, తన పొట్టను చూసుకున్నాడు, మళ్లీ గజ్జెలను చూశాడు.

“అక్కా, ఇంకోటి తినుమననందుకు నీ కాళ్లు మొక్కుత,” అన్నాడు.

అందరూ నవ్వడం మొదలుపెట్టాక నా ఊపిరి నాకు వచ్చింది. రూలు ఎక్కడా తప్పలేదు, కాకపోతే వెనకా ముందూ అయింది. మా ఆయన పరువు దక్కింది, సీటీ దక్కింది. ఆయన రోజంతా బయటే తిరుగుతున్నాడు. జమ్మి దగ్గర ఆకు పంచుకుని అలాయ్ బలాయ్ అని కౌగిలించుకునేటప్పుడు మాత్రం అందరూ దూరం నుంచే భుజాలు తట్టుకున్నారు, పొట్టలు తగలకుండా.

నల్ల పొట్టేలు ఇంకా మా కొట్టంలోనే ఉంది. నేను ఆకు నములుతూ పోతే వెనక్కి జరుగుతుంది. ఖాసిం మామ నన్ను ఏదడిగినా ముందు నోరు తెరిచి చూపించమంటున్నాడు. ఈ ఊళ్లో సగం మందికి పేర్లు పెట్టింది నేనే, ఇప్పుడు ఊరంతా కలిసి నాకు పందెమ్మ అని పెట్టింది. నిన్న లచ్చమ్మ వాళ్ల అల్లుడు వాకిట్లో గడియారం కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఊరికే ఉండలేక, టైం ఎంతయిందని గోడ మీదుగా అడిగాను. అతను గడియారం వైపు చూశాడు, ఎండ వైపు చూశాడు.

“పండుగకా అత్తా, పందేనికా?” అన్నాడు.

మంచి జవాబే తోచింది. కానీ నోట్లో ఆకు ఉంది, ఊరుకున్నాను.